అరవై ఒకటో చుక్క

వేసవి 96వ రోజు. పైన 53 డిగ్రీలు, లోపల 31. మూడు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి.

రెండో ఫ్యాను బేరింగు మళ్ళీ కూస్తోంది. గ్రీజు పెట్టాను. వడపోత జాలీలు దులిపితే మూడు బక్కెట్ల తెల్లపొడి దిగింది. మా ఊరు గనిగా ఉన్న రోజుల్లో ఈ ముగ్గురాయి కోసమే ఇంత లోతు తవ్వారట. ఇప్పుడా రాయి ఎవరికీ అక్కర్లేదు. సొరంగాలు మాత్రం నాలుగు వేల మందికి ఇళ్ళయ్యాయి. ఏడాదిలో ఏడు నెలలు పైన మనిషి నిలబడలేడు కాబట్టి అందరం కిందే ఉంటాం. అందరికీ గాలి తోసే పని నాది. పేరు కుళ్ళాయమ్మ, హోదా ఫ్యాన్‌హౌస్ ఇన్‌చార్జి. కొత్త పేజీ మొదలుపెడితే ఇవి రాయాలని రూలు, అందుకని రాశాను.

ఈ రిజిస్టరులో ‘ఇతర విషయాలు’ అని ఒక గడి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అందులో ‘ఏమీ లేవు’ అని రాస్తూ వచ్చాను. ఇవాళ ఉన్నాయి.

పొద్దున లిఫ్టు టోకెన్ల యాప్ కొత్తగా మారింది. దాని వెంట, ఎవరూ పిలవకుండానే, ఇంకో యాప్ దిగింది. పేరు ‘ఆనవాలు’. తీసేద్దామంటే టోకెన్లు రావు. పిల్లలున్న ఇళ్ళ భద్రత కోసం తయారు చేశారట. ఫోను పక్కన పెట్టుకుని మామూలుగా మాట్లాడుకుంటూ, నడుస్తూ, పని చేసుకుంటూ ఉంటే చాలు, మనిషి ఎలాంటివాడో అదే కనిపెడుతుందట. మగవాడి మీద మనసున్న మగవాడనీ, ఆడదాని మీద మనసున్న ఆడదనీ దానికి తోస్తే పసుపు చుక్క. మిగతావాళ్ళకి ఆకుపచ్చ. ఎవరి చుక్క ఏమిటో ఊరంతా చూడొచ్చు. పసుపు చుక్క కింద ఒక వాక్యం: ‘పిల్లల విషయంలో జాగ్రత్త వహించండి.’

ఎవరికి ఎవరి మీద మనసుంటే పిల్లలకేమిటి? ఆ సంబంధం ఎక్కడైనా రాశారేమోనని యాప్ అంతా వెతికాను. రాయలేదు. ఆనవాళ్ళ పట్టిక మాత్రం బారెడు ఉంది. మగవాడు జోలపాట పాడటం, జడ వేయగలగడం, చెయ్యి ఊపుతూ మాట్లాడటం. ఆడమనిషి పనిముట్లు పట్టడం, పెద్ద అంగలు వేయడం, జుట్టు కత్తిరించుకోవడం. ముప్పై దాటినా పెళ్ళి లేకపోవడం. దీన్ని తయారు చేసినవాళ్ళ ఇళ్ళల్లో తండ్రులు పిల్లల్ని నిద్రపుచ్చరు కాబోలు.

మధ్యాహ్నానికి నాకే పసుపు చుక్క పడింది. యాభై ఏడేళ్ళు, ఒక కూతురు, ఒక మనవరాలు, చేతిలో పెద్ద స్పానరు. పడీ పడీ నవ్వాను.

వేసవి 99వ రోజు. పైన 53, లోపల 31. రెండో ఫ్యాను ఆపి బేరింగు మార్చాను.

నవ్వు అయిపోయింది. మా సొరంగం ఎండబడి పిల్లలు ముప్పై నాలుగు మంది నుంచి పందొమ్మిదికి పడ్డారు.

ఎండబడి అంటే రోజూ తెల్లవారాక అరగంట. ఎండ తగలకపోతే పిల్లల ఎముకలు మెత్తబడతాయని డాక్టర్లు పెట్టించారు. లిఫ్టులో పైకి తీసుకెళ్ళి, అరగంట ఆడించి, సూర్యుడు కరవకముందే దించేయాలి. పదకొండేళ్ళుగా ఆ పని చేస్తున్నది పెంచలయ్య. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. పొడుగాటి తాడుకు ముడులు వేసి ఒక్కో ముడి ఒక్కో పిల్ల చేతికిస్తాడు. ఎవరు మబ్బుగా ఉన్నారు, ఎవరికి దగ్గు, ఎవరు నీళ్ళు తాగకుండా పారబోస్తారు, అన్నీ నోటికే. తల్లులు నిద్రమొహాల పిల్లల్ని జడలు వేయకుండానే పంపిస్తే లిఫ్టు పైకి చేరేలోపు పాట పాడుతూ నాలుగు జడలు వేసేస్తాడు. పాట, జడ, పెళ్ళి లేకపోవడం. యాప్‌కి పండగ.

మా అంకాలు కూడా నా మనవరాలు లిఖితను పంపడం మానేసింది. తెలిసి అడగడానికి వెళ్ళాను.

“ఏంది అంకాలూ, పిల్లను ఎండబడికి పంపలేదంట?”

“నాలుగు దినాలు చూద్దాం లేమా.”

“ఏం చూస్తావు? పెంచలయ్యను పదకొండేండ్లుగా చూస్తానే ఉండాం గదా.”

“చుక్క పడింది గదమా.”

“నాకూ పడింది. మరి నిన్న సాయంత్రం నా కాడ ఎట్ల వదిలిపెట్టి పోయినావు పిల్లను?”

“నువ్వు వేరే. నువ్వు మాయమ్మవి.”

“పెంచలయ్య ఎవురు? నీకు కాలు విరిగినప్పుడు నీ బిడ్డను నెల దినాలు ఇంటికాణ్ణుంచి ఎత్తుకపోయినోడు గాదా?”

అంకాలు మొహం పక్కకి తిప్పుకుంది. “ఏమోమా. ఏమన్నా అయినాక ఏడిస్తే ఏం లాభం?” అంది. ఏమవుతుందో చెప్పమన్నాను. చెప్పలేకపోయింది. చెప్పలేని భయంతో వాదన పెట్టుకోవడం నా వల్ల కాదు. తలుపు గట్టిగా వేసి వచ్చేశాను.

వేసవి 104వ రోజు. పైన 54, లోపల 32. మూడు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి.

ఊరి కమిటీ పెంచలయ్యను ఎండబడి నుంచి తీసేసింది. తీసేశాం అనలేదు, ‘తాత్కాలికంగా ఫ్యాన్‌హౌస్‌కు కేటాయించాం’ అన్నారు. ఆయన స్థానంలో ఈశ్వరమ్మను వేశారు, పాత నర్సు. చేతకానిదాన్ని వేసి ఉంటే నాలుగు తిట్లు తిట్టుకునేదాన్ని. ఆమె చక్కగా చేస్తోంది. పిల్లలు ముప్పై నాలుగు మందీ మళ్ళీ వస్తున్నారు. నా కోపానికి పట్టుకోవడానికి ఒక కొక్కెం కూడా దొరకలేదు.

పెంచలయ్య వచ్చి జాలీలు ఉతుకుతున్నాడు. బాగానే ఉతుకుతాడు. పొద్దున లిఫ్టు గంట మోగినప్పుడు మాత్రం చెయ్యి ఆపి, పెదాలతో ఒకటి నుంచి ముప్పై నాలుగు దాకా లెక్కపెట్టుకుని, మళ్ళీ బ్రష్షు పడతాడు. చూసి చూడనట్టు ఉన్నాను.

పై గ్యాంగుతో మాట్లాడే ఫోను నా దగ్గరే ఉంటుంది. ఎండకి చెడిపోతాయని సొంత ఫోన్లు ఎవరూ పైకి తీసుకెళ్ళరు. పై గ్యాంగంటే సోలారు పలకలు తుడిచేవాళ్ళు. ఎండదుస్తులు వేసుకుని పది రోజుల డ్యూటీకి పైకెళ్తారు. రోజూ నాలుగింటికి హాజరు చెబుతారు. ఇళ్ళవాళ్ళు నా తలుపు దగ్గరకొచ్చి “తను బాగున్నట్టేనా?” అని అడుగుతారు. మొదటి వేసవుల్లో పైన చాలామంది పోయారు. అప్పట్నుంచీ మా ఊళ్ళో ఒక భయం పాతుకుపోయింది. పైనున్న మనిషి పేరు పలికితే ఎండ వింటుందని. మొగుడైనా, పెళ్ళామైనా, లిఫ్టు ఎక్కిన క్షణం నుంచి దిగేదాకా ‘తను’. వచ్చాడు అనకూడదు, వచ్చింది అనకూడదు. ‘ఇంకా దిగలేదు’, ‘తినడం అయిందట’, ‘పడుకున్నట్టుంది’ అంటూ తప్పుకుని తిరుగుతాం. తెలుగులో అలా తప్పుకోవడానికి దారులు బోలెడు. ఎవరి ‘తను’ ఎవరని అడగడం కూడా తప్పే.

నాకు తాళి కట్టిన మనిషి తొమ్మిదేళ్ళ కిందటి దుమారంలో పైకెళ్ళడమే గాని దిగడం లేదు. దొరకను కూడా లేదు. అందుకని నాకు ఇప్పటికీ తనే.

పెంచలయ్య కూడా పదకొండేళ్ళుగా నాలుగింటికి వచ్చి అడుగుతూ ఉంటాడు. పై గ్యాంగులో ఆడవాళ్ళు పద్దెనిమిది మంది. రాజంపేట వైపు నుంచి వచ్చిన పొడుగమ్మాయి మీద నాకు అనుమానం.

వేసవి 107వ రోజు. పైన 54, లోపల 31. జాలీలు మార్చాం.

దొరికింది! ఇంత తేలికైన సంగతి పదకొండు రోజులు ఎందుకు తట్టలేదో.

పసుపు చుక్కలవాళ్ళ జాబితా తీశాను. అరవై ఒక్కమంది. పక్కన పై గ్యాంగు హాజరు పట్టీ పెట్టుకుని, పెంచలయ్యను పేర్లు చదవమన్నాను. అరవై ఒక్కమందికీ పైన ఎవరో ఒకరున్నారు, లేకపోతే నాకులా పైకెళ్ళి దిగనివాళ్ళున్నారు. పైన ఎవరూ లేనివాళ్ళలో ఒక్కరికీ చుక్క లేదు. యాప్ సహాయం పేజీలో పదిహేడో అంశం చదివాను: ‘జీవిత భాగస్వామి ఆడో మగో తెలియకుండా మాట్లాడటం బలమైన ఆనవాలు.’ అదీ సంగతి. మిగతా పట్టిక అంతా అలంకారం, అసలు బరువు దీని మీద వేశారు. మేం ఎండకు భయపడి ‘తను’ అంటుంటే, అది మేం మనుషులకు భయపడి అంటున్నామనుకుంది.

రుజువు కావాలి కదా. ఫోను ముందు పెట్టుకుని జాలీలు బిగిస్తూ గట్టిగా మొదలుపెట్టాను. “మా ఆయన వచ్చినాడు. మా ఆయన అన్నం తిన్నాడు. మా ఆయన కూరలో ఉప్పు లేదన్యాడు. మా ఆయన గురక పెడతాండాడు.” రెండు గంటలు మా ఆయన చేత చేయించని పని లేదు. పెంచలయ్య ఇక్కడికొచ్చాక మొదటిసారి నవ్వాడు. “చాలక్కా, మాయన్నను కాస్త కూకోనీ” అన్నాడు. మూడో గంటలో చుక్క ఆకుపచ్చకి మారింది.

ఇద్దరం గంతులేసినంత పని చేశాం. ఆయన వెళ్ళాక మాత్రం కూర్చుని కాసేపు ఏడ్చాను. తొమ్మిదేళ్ళుగా నోటితో దించని మనిషిని ఒక చుక్క కోసం దించేశాను.

వేసవి 108వ రోజు. పైన 55, లోపల 32. మూడో ఫ్యాను వేడెక్కుతోంది, చూడాలి.

రిపోర్టు నాలుగు పేజీలు రాసి కమిటీ సెక్రటరీ బాలనాగిరెడ్డి దగ్గరికి పట్టుకెళ్ళాను. చెడ్డవాడేం కాదు. ఎవరూ తన తలుపు తట్టకుండా ఉంటే చాలనుకునే మనిషి. చదివి బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

“అబ్బ, బతికించినావు కుళ్ళాయమ్మా! మాయమ్మకు డెబ్బై మూడేండ్లు, ఆయమ్మకు గూడ చుక్క పడె. ఇంట్లో నాకు అన్నం పెట్టడంల్యా.”

“అయితే పెంచలయ్యను రేపే ఎండబడికి పంపు.”

“పంపుతా. కడాన ఒక లైను మాత్రం రాయి. ఈ అరవై ఒక్కమందిలో ఎవరూ అట్లాంటోళ్ళు కారు అని. దానికింద అందరి సంతకాలు పెట్టించుకరా. ఆ యాప్ కంపెనీకి పంపిస్తే వాళ్ళే సరిచేసుకుంటారు.”

అక్కడే నిలబడి రాశాను. ‘పై అరవై ఒక్కమందిలో ఎవరూ అటువంటివారు కారు. అందరూ మర్యాదస్తులు, కుటుంబీకులు అని ధ్రువీకరిస్తున్నాను.’ మర్యాదస్తులు అన్న మాట ఆయన చెప్పలేదు. అది నా సొంతం. రాసి మురిసిపోయాను కూడా.

వేసవి 110వ రోజు. పైన 55, లోపల 32. మూడో ఫ్యాను బెల్టు మార్చాను.

రెండు రోజులు సొరంగాలన్నీ తిరిగాను. అరవై సంతకాలు అయ్యాయి. కాగితం చూడగానే జనం చేతులు పట్టుకుని దణ్ణాలు పెట్టారు. ఒక ముసలాయన నాకు ఎండు పుట్టగొడుగుల పొట్లం ఇచ్చాడు. చివరిది పెంచలయ్యది, పక్కనే ఉన్న మనిషి కదా అని ఆఖరికి పెట్టుకున్నాను. కాగితం చదివాడు. తిరిగి బల్ల మీద పెట్టి జాలీలు ఉతకడానికి వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ అదే.

నాకు తిక్క రేగింది.

“ఏంది పెంచలయ్యా? ఇదంతా ఎవురి కోసం చేసినా? అరవై మంది పెట్టినారు, నీ సంతకానికి ముహూర్తం చూడల్నా?”

చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “ఆ కడా లైను చదివినా అక్కా.”

“చదివితే?”

“ఎవరూ అట్లాంటోళ్ళు కారు అని రాసినావు. నేను అట్లాంటోన్నే.”

నాకు వెంటనే ఎక్కలేదు. ఏదో వెటకారం అనుకున్నాను.

“నా తను ఎవురని ఎప్పుడన్నా అడిగినావా నువ్వు?” అన్నాడు.

“అడగగూడదు గదా.”

“అందుకే ఈ ఊర్లో పదకొండేండ్లు బతికినా. ఇంగో ఊర్లో అయితే రెండో దినమే అడుగుతారు, ఆయమ్మ ఎవురు, ఎవురి బిడ్డ, పెండ్లి ఎప్పుడు అని. ఈడ తను అంటే చాలు, నోరు మూసుకుంటారు.” ఒకసారి పైకప్పు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. “తను మొగోడక్కా. ఇంగా దిగలా. దిగినాక పేరు చెప్తా.”

పదకొండేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ‘తను’ నియమం తప్పలేదు. నేనేమో చుక్క కోసం మూడు గంటలు తప్పాను.

“ఆ యాప్ అరవై మంది కాడ తప్పింది. నా కాడ తప్పలా. తప్పకపోతే మాత్రం ఏమైతాది? పిల్లోళ్ళకు నేనేం చేస్తి?” అన్నాడు.

ఇక్కడ నిజం రాయాలి. ఆ మాటకి నా నోటికి ‘ఏమీ చేయలేదు’ అని వెంటనే రాలేదు. నాకు లిఖిత గుర్తొచ్చింది. దాన్ని ఎత్తుకుని లిఫ్టు దిగిన రోజులు, జడ వేసిన రోజులు ఒక్కొక్కటే కళ్ళ ముందుకి తెచ్చుకుని అనుమానంగా చూశాను. రెండు నిమిషాల కిందటి దాకా ఇదే మనిషి, ఇవే చేతులు. నన్ను చూస్తూనే ఆయనకి అర్థమైపోయింది. బ్రష్షు తీసుకుని వెళ్ళిపోయాడు. యాప్ నా ఫోనులో ఉన్నది పద్నాలుగు రోజులు. నా బుర్రలో ఎప్పటి నుంచి ఉందో.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చచ్చిపోతే ఫ్యాన్లు ఎవరు చూస్తారు. కాగితం తీసుకుని ఆఖరి లైను కొట్టేశాను.

వేసవి 112వ రోజు. పైన 55, లోపల 32. మూడు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి.

పై గ్యాంగు దిగింది. అందరూ క్షేమం. పెంచలయ్య వెంట వచ్చి నా ముందు నిలబడింది మస్తాను. పొడుగమ్మాయి గురించి నా అనుమానమంతా బూడిదలో పోసిన పన్నీరు. మస్తాను నాకు కొత్తవాడేం కాదు. రెండో ఫ్యాను మోటారు కాలిపోయిన ఏడాది పై నుంచి తీగ చుట్ట భుజాన వేసుకుని దిగి, రెండు రోజులు నాతో పాటు కూర్చుని చుట్టినవాడు. చెంపలు ఎండకి పొట్టు లేచి ఉన్నాయి.

“నమస్తేక్కా. ఈయప్ప చెప్పినాడంట గదా” అన్నాడు.

“చెప్పినాడు. రిపోర్టు తిరగరాస్తాండా” అన్నాను.

తిరగరాసింది ఇది: ‘ఈ యాప్ మా మాట తీరు తెలీక అరవై మందిని తప్పుగా గుర్తించింది. అది చిన్న తప్పు. సరిగ్గా గుర్తించినా, అలాంటి మనిషి పిల్లలకు ప్రమాదం అనడం పెద్ద తప్పు. దాన్ని మా ఊరి ఫోన్లలో నుంచి తీసేయండి.’ దీని మీద సంతకాలు అడిగితే తెలిసింది ఊరంటే ఏమిటో. మూడు రోజుల కిందట దణ్ణాలు పెట్టినవాళ్ళే తలుపు సందులోంచి మాట్లాడారు. “మళ్ళా మమ్మల్ని దాంట్లోకి లాగుతావా?” అన్నారు. పుట్టగొడుగులాయన పొట్లం తిరిగి ఇమ్మన్నాడు. అది కూరలో వేసేశాను, ఏం చేస్తాడో చేసుకోమన్నాను.

తొమ్మిది సంతకాలు. మా అంకాలుది లేదు.

వేసవి 115వ రోజు. పైన 56, లోపల 33. ఫ్యాన్లు పూర్తి వేగంలో.

కమిటీ మీటింగు. నేను కొత్త కాగితం తీయబోతుంటే బాలనాగిరెడ్డి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇంగ అదేం అవసరంల్యా కుళ్ళాయమ్మా. పని అయిపాయ.”

అరవై సంతకాలు పూర్తయిన సాయంత్రమే, ఆఖరి సంతకం కోసం ఆగకుండా, ఆయన మనిషి వచ్చి నా బల్ల మీద కాగితాన్ని ఫొటో తీసుకుని కంపెనీకి పంపేశాడట. నేను లైను కొట్టేసింది ఆ తెల్లారి. కంపెనీ జవాబు పెద్ద తెర మీద చదివి వినిపించాడు. ‘మీ స్థానిక భాషపై పంపిన విలువైన వివరణకు ధన్యవాదాలు. ‘తను’ ప్రయోగాన్ని మినహాయించాము. ధ్రువీకరించిన అరవై పేర్లు సరిదిద్దాము. ధ్రువీకరణ నిరాకరించిన ఒక పేరును నిర్ధారించాము. ఆనవాలు ఇప్పుడు మరింత ఖచ్చితం.’

అందరూ ఫోన్లు తీసి చూసుకున్నారు. అరవై ఆకుపచ్చలు. ఊరు మొత్తానికి ఒకే ఒక్క పసుపు. జనం చప్పట్లు కొట్టారు. నాకు శాలువా తెచ్చారు, కప్పబోతే తోసేశాను. అరవై ఒక్క చుక్కలున్నప్పుడు అది యాప్ పిచ్చి. ఒక్కటే మిగిలాక అది పెంచలయ్య. ఆ యాప్‌కి మా భాష నేర్పింది నేను. నాలుగు పేజీలు, ఉదాహరణలతో సహా.

కొత్త కాగితం చదివాను, అరిచి చదివాను. సగం మంది లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు నేను అయిపోగొట్టేదాకా మర్యాదగా కూర్చున్నారు. ఈశ్వరమ్మ ఒక్కతే లేచి, “పిల్లోళ్ళు రోజూ ఆయప్పనే అడుగుతారు” అంది.

వేసవి 118వ రోజు. పైన 56, లోపల 33. మూడు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి.

పెంచలయ్య ఇప్పుడు పైన ఉన్నాడు. పేరు రాయకూడదు, ఉన్నాడు అని అసలే రాయకూడదు. ఎండ విని చేసే కీడుకన్నా మనుషులు విని చేసిన కీడే ఎక్కువ కాబట్టి రాస్తున్నాను.

పై గ్యాంగుకు వంటమనిషిగా వెళ్ళిపోతానని నిన్న అర్జీ పెట్టాడు. పలకల నీడలో గుడారాలుంటాయి, ఏడాదంతా అక్కడే. మస్తాను డ్యూటీలు కూడా అక్కడే. ఫ్యాన్‌హౌస్ నుంచి విడుదల కాగితం నేనివ్వాలి. అందులో ‘వెళ్ళుటకు కారణం’ అని ఒక గడి. ‘పిల్లలను ఎండకు తీసుకెళ్ళడం ఈ ఊళ్ళో అందరికన్నా బాగా తెలిసిన మనిషిని, ప్రేమించింది మగవాణ్ణని తీసేశాం. అందుకు సాక్ష్యం నేను రాసిచ్చాను’ అని రాశాను. బాలనాగిరెడ్డి తిప్పి పంపాడు. ఇలాంటి కాగితానికి టోకెను రాదట.

పెంచలయ్యే ఇంకో ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు.

“సొంత ఇష్టం అని రాయక్కా. ల్యాకుంటే నన్ను పోనీరు.”

“నీ ఇష్టమా ఇది?”

“ఈడ ఉండటం గూడ నా ఇష్టం కాకపాయ గదా. రాయి.”

రాశాను. సొంత ఇష్టం. కింద నా సంతకం, ఫ్యాన్‌హౌస్ ముద్ర.

పొద్దున ఒకే లిఫ్టు. ఒక పక్క ఎండబడి పిల్లలు, ఒక పక్క సంచులతో పెంచలయ్య, మస్తాను. తల్లులు నిలబడి చూస్తున్నారు, అంకాలు కూడా ఉంది. ఎండ యాభై ఆరుకి చేరింది కాబట్టి పొద్దుటి పూట కూడా పిల్లల తలకి తడిగుడ్డ కట్టాలని నిన్నటి నుంచి కొత్త రూలు. ఈశ్వరమ్మ ఒక్కొక్కరికే కడుతోంది. లిఖిత వరసలోంచి జారుకుని, గుడ్డ చేత్తో పట్టుకుని నేరుగా పెంచలయ్య ముందుకెళ్ళింది.

“సారూ, కట్టు.”

ఆయన చేతులు ముందుకొచ్చాయి. తల్లుల వైపు ఒక్కసారి చూశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

“మీ అవ్వ కడతాది పోమ్మా” అన్నాడు.

“కట్టు పెంచలయ్యా. నేను చెప్తాండా గదా, కట్టు” అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అంకాలు వైపు చూశాను. అది నేల చూస్తోంది.

నేనే కట్టాను. మోటారు విప్పి బిగించడం వచ్చు గాని పిల్ల తలకి గుడ్డ కట్టడం నాకు కుదర్లేదు, రెండుసార్లు జారిపోయింది. ఆయన నాలుగు అడుగుల దూరం నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. “చెవులు లోపలికి రానీక్కా. నుదుటి మీద ఒక మడత ఎక్కువ పెట్టు. ముడి ఎనక రావల్ల, పక్కన పెడితే గుచ్చుకుంటాది. ఇంగొంచెం బిగించు. ఆఁ, చాలు చాలు.” వెనక్కి పెట్టుకున్న ఆ చేతుల్లో వేళ్ళు గాలిలోనే ముడి వేస్తున్నాయి. మస్తాను వాటినే చూస్తూ నిలబడ్డాడు.

లిఖిత ఆయన్ని తేరిపార చూసి, నా వైపు తిరిగింది.

“సారుకు చేతులు నొప్పా అవ్వా?”

అందరూ విన్నారు.

“అవునమ్మా, నొప్పే” అన్నాను.